డేవిడు ఫారంలో నేను పెట్టిన టిక్కు

డేవిడు తెలివితక్కువగా ఎంచుకుని పెళ్లాం పిల్లలను రోడ్డున పడేశాడని మిల్లులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. అతను సరిగ్గానే ఎంచుకున్నాడు. వేరే గడిలో టిక్కు పెట్టింది నేను. ఇన్నేళ్లూ ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎదుటివాళ్ల తప్పులు మాత్రం అదే గొంతుతో గట్టిగానే ఎంచాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కొత్తగూడెం అవతల, అడవి అంచున ఉన్న కోత మిల్లులో నేను గుమస్తాను. యజమాని పనివాళ్లకు రెండు పథకాలు చూపించి తలా ఒకటి ఎంచుకోమన్నాడు. జబ్బు చేస్తే వైద్యం ఖర్చు, సగం జీతం ఇచ్చేది మొదటిది. మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చేది రెండోది. ఖాళీ ఫారాల మీద ముందే వేలిముద్రలు వేయించుకుని, తర్వాత తీరిగ్గా నింపడం మా దగ్గర అలవాటు.

నేను జబ్బు పథకం వైపు. అందరితో వాదించి ఒప్పించాను. రంపం దగ్గర పనిచేసే డేవిడు ఒక్కడే లొంగలేదు.

"నాకు రెండోది రాయక్కా. ఇద్దరు ఆడపిల్లలు."

"ఏంది, సచ్చేటందుకు తొందరున్నదా? దవాఖానా అక్కర లేదా నీకు?"

"నాకు జబ్బులు రావక్కా. పోతే ఒక్కసారే పోత."

"అవ్, దేవుడు నీకు చిట్టీ రాసి పంపిండు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వి, బొటనవేలి సిరా చొక్కాకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అతని ఫారంలోనూ మొదటి గడిలోనే టిక్కు పెట్టాను. మరచిపోయి కాదు. అతని మంచికేనా? చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కాదు. అంతమందిలో ఒక్కడు నా మాట కాదన్నాడని మండింది.

ఏడాది తిరక్కుండా, సైకిల్ మీద డ్యూటీకి వస్తుంటే డేవిడును లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. భార్య మరియమ్మ ఆఫీసుకొస్తే ఫారం చూపించి, ఆయన ఎంచుకున్నది ఇదేనన్నాను. తడబడకుండా. పెద్దపిల్ల చదువు ఆ ఏడే ఆగిపోయింది.

పోయిన ఆదివారం మరియమ్మ ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె చింతపండు గింజలు తీయడం ఆపలేదు. తిట్టలేదు. మన్నించాననీ అనలేదు, అనమని అడిగే ముఖం నాకు లేదు. అయినా తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎన్నాళ్ల తర్వాతో, గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు మీకూ చెప్పాను. రేపు మిల్లులోనూ చెబుతాను.

ఒక్కటి మాత్రం మరియమ్మను అడగలేకపోయాను. నింపిన ఫారాల నకళ్లు అప్పట్లో నేనే అందరికీ పంచాను. డేవిడు పెద్దకూతురు అప్పుడు ఏడో తరగతి, చదవడం వచ్చు. ఆ తర్వాత కూడా అతను నన్ను ఎప్పటిలాగే అక్కా అని పిలిచాడు. ఆ పిల్ల కాగితం చదివి వినిపించలేదా, లేక అతను తెలిసే ఊరుకున్నాడా?