అలకని గోడ

కోట అనే చిన్న పట్నానికి తూర్పున, గాలి వాటాన్ని బట్టి సముద్రం హోరు వినబడే ఊరు మాది. అందరివీ మట్టిగోడలు, తాటాకు కప్పులు. పండగ వచ్చినా, చుట్టాలు వచ్చినా పేడా ఎర్రమన్నూ కలిపి గోడలు అలికి, అడుగున సున్నం పట్టీ తీర్చాల్సిందే. అలకని గోడ కనబడితే "ఆ ఇంట్లో ఆడదిక్కు లేదా?" అని అడిగేవాళ్ళు. మా అమ్మ అలికితే గోడ మీద వేళ్ళ గీత ఒక్కటి కూడా మిగిలేది కాదు. ఆ పనితనం మీద ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది.

చలిజ్వరం మా వైపు వానాకాలం చుట్టం. పిలవకుండా వచ్చేది, పొమ్మన్నా పోయేది కాదు. అరవైల మొదట్లో దాన్ని లేకుండా చేస్తామని ప్రభుత్వం వాళ్ళు ఊరూరా ప్రచారానికి దిగారు. మా ఊళ్ళో దండోరా వేయించి, చావడిలో దోమ బొమ్మ తగిలించి, ఒక ఇన్‌స్పెక్టరు ఉపన్యాసం చెప్పాడు. ఇంటి చుట్టూ నీళ్ళు నిలవనీయొద్దు, జ్వరం వస్తే దాచొద్దు, మందు కొట్టిన గోడను మళ్ళీ మందు కొట్టేదాకా అలకొద్దు. ఎందుకు అలకకూడదో కూడా చెప్పాడట. విన్నది మగవాళ్ళు. చావడికి ఆడవాళ్ళు పోయే ఆచారం లేదు. గోడలు అలికేదేమో ఆడవాళ్ళు. ఈ సంగతి ఆ ఇన్‌స్పెక్టరుకు తట్టలేదు, మా ఊరి పెద్దమనుషులకూ తట్టలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "గోడలు అలకొద్దంట" అన్నాడు.

"ఎందుకంట?" అంది అమ్మ.

"ఏమో, మందు పోతాదంట. అన్నం పెట్టు."

ఆషాఢంలో మందు కొట్టేవాళ్ళు వచ్చారు. కుండలూ మంచాలూ దేవుడి పటాలూ వాకిట్లోకి చేర్చాక, ఒకడు పంపు కొడుతుంటే ఇంకొకడు గొట్టం పట్టుకుని గోడలన్నీ తడిపాడు. ఆరాక ఇల్లంతా తెల్లటి మరకలు, ముక్కులు అదిరే వాసన. నల్లులు చచ్చాయని ఊరంతా సంబరపడింది. అమ్మ మాత్రం ఆ మరకల వంక చూసినప్పుడల్లా మొహం చిట్లించేది. అయినా చెప్పిన మాట జవదాటలేదు, మా అక్క వస్తోందని కబురు అందేదాకా.

అక్కకు తొలి కానుపు. ఆ కబురు విన్నాక అమ్మకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పురుటికి వచ్చే కూతురిని మరకల గోడల మధ్య ఏ తల్లి పడుకోబెడుతుంది? చెరువు గట్టు నుంచి ఎర్రమన్ను తెచ్చి, జల్లించి, లోపలి గదిని ఒకటికి రెండుసార్లు అలికింది. అంత అందంగా అలికిన గోడను నేను మళ్ళీ చూడలేదు. అక్క వస్తూనే గోడకు ఆనుకుని కూలబడి, "అమ్మా, మన ఇంటి మన్ను వాసనకే నాకు సగం బలం వచ్చేసినాది" అంది. తలంటుకునే ముందు కూడా నూనె తలతో అక్కడే ఆనుకుని కూర్చునేది. ఆ చోట గోడ మీద గుండ్రంగా జిడ్డు మరక పడింది.

వానలు మొదలయ్యాయి. అక్కకు రోజు మార్చి రోజు చలి. ఉన్న బొంతలన్నీ కప్పినా పళ్ళు టకటకలాడేవి. ఇంటింటికీ తిరిగి జ్వరాలు విచారించే మలేరియా అతను వచ్చి, వేలు పొడిచి గాజు పలక మీద రక్తం తీసుకుని, మాత్రలు ఇచ్చాడు. లేస్తూ గోడ వైపు చూశాడు.

"గోడ ఎప్పుడు అలికినావమ్మా?"

"బిడ్డ కానుపుకొస్తాందని అలికినా నాయనా. ఏం, బాగలేదా?"

అతను మళ్ళీ కూర్చున్నాడు. రక్తం తాగిన దోమ బరువెక్కి దగ్గరున్న గోడ మీద వాలుతుందనీ, మందు కాళ్ళకంటి అక్కడే చస్తుందనీ, అలికితే మందు మన్ను కింద పూడిపోయి దోమ చావదనీ నెమ్మదిగా చెప్పాడు. అమ్మ ఆ మాట వినడం అదే మొదలు. అతను వెళ్ళాక గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

మాత్రలకు జ్వరం తగ్గింది గానీ అక్క ఒంట్లో రక్తం లేదు. కార్తీకంలో ఆడపిల్లను కన్నది. నెత్తురు ఆగలేదు. బండి కట్టుకుని కోట డాక్టరు దగ్గరికి బయలుదేరారు. సగం దారి కూడా పోకముందే అక్క పోయింది.

జ్వరం వల్లే పోయిందని ఎవరు తేల్చగలరు? జ్వరం లేకుండానే తొలి కానుపులో పోయినవాళ్ళు మా ఊళ్ళో మరికొందరు ఉన్నారు. ఈ మాటే చెప్పి ఓదార్చబోతే, "నా చేత్తో నేనే..." అనేది అమ్మ. అమ్మను తెలివితక్కువది అన్నవాళ్ళూ లేకపోలేదు. వాళ్ళను నేను క్షమించలేదు.

పురుడూ చావూ కలిసిన ఇల్లు. మైల పోవాలంటే గోడలన్నీ అలకాలంది మేనత్త. మైల మాట కాదనలేక అమ్మ తక్కిన ఇల్లంతా అలికింది, లోపలి గదిలో అక్క ఆనుకున్న గోడను మాత్రం ముట్టుకోలేదు. ఆ నూనె మరకను కాచుకుంటోందని నాకు తెలిసిపోయింది. మేకపాలు పట్టిన చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, అమ్మ రోజూ ఆ మరకకు ఎదురుగా కూర్చునేది. దోమ వాలకుండా చీర కొంగు విసురుతూనే ఉండేది.

ఫాల్గుణంలో మందు కొట్టేవాళ్ళు మళ్ళీ వచ్చారు. గొట్టం ఆ గోడ మీదికి తిరిగేసరికి నేను ఆగలేక, "ఆడ మాత్రం కొట్టొద్దు, అన్నా!" అని అరిచాను. అతను చెయ్యి ఆపి అమ్మ వైపు చూశాడు. అమ్మ గడప అవతల చంటిదాన్ని గుండెకు అదుముకుని నిలబడి ఉంది. "ఆడా కొట్టు నాయనా. బాగా కొట్టు" అంది. తెల్లటి నీళ్ళు మరక మీదుగా కారాయి. అమ్మ కళ్ళు తిప్పుకోకుండా చూసింది. నేను మాత్రం చూడలేక వాకిట్లోకి వచ్చి ఏడ్చాను.

ఉగాది వచ్చింది. వీధిలో ప్రతి గోడా ఎర్రగా మెరుస్తోంది, మా ఇంట్లో గోడలన్నీ తెల్ల మరకలతోనే ఉన్నాయి. మేనత్త గడపలో నిలబడి, "పండగ పూట ఇదేంది? ఆడదిక్కు లేని కొంప మాదిరి!" అంది.

"ఆడదిక్కు ఉండాది గనకనే అలకలేదు వదినా" అంది అమ్మ.

చంటిదాన్ని తీసుకెళ్ళి ఆ గోడ పక్కనే పడుకోబెట్టింది.