‘మా ఆవిడ’ ఆల్బమ్ లింకు

రామకోటేశ్వరరావు గారికి ఒకటే జబ్బు. తెరుచుకోని లింకు కంటపడితే ముద్ద దిగదు.

గవర్నర్‌పేట ఆఫీసులో ఆయన పక్క సీటు సింధూరిది. ఓసారి శుభలేఖలో మ్యాపు లింకు పనిచేయలేదని ముహూర్తం వేళ పెళ్లికూతురి తండ్రికే ఫోన్ కొట్టారు. “కాళ్లు కడుగుతున్నానండీ!” అని ఆయన మొత్తుకుంటే, “కడిగాక సరిచేయండి” అన్నారు. బెంజ్ సర్కిల్ హోటల్లో మెనూ లింకు తెరుచుకోలేదని సర్వరుకి పాఠం మొదలెడితే పెసరట్టు అప్పడమైపోయింది. ఆ రోజు నుంచి సింధూరి ఆయనతో టిఫిన్‌కి వెళ్లడం మానేసింది.

ఆఫీసు పని చాలదన్నట్టు, ఓ ఫొటో ఆల్బమ్ సాఫ్ట్‌వేర్‌కి ఆయన ఊరికే మరమ్మతులు చేసేవారు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా సరిదిద్దవచ్చు. చల్లపల్లి చేనేత సంఘం చీరల ఫొటోలు అందులోనే పెట్టుకుంటుంది. కొత్త వెర్షన్ వచ్చిన వారానికి, సంఘం వాళ్లు నంబరిస్తే రాఘవమ్మ అనే నేతగత్తె ఫోన్ చేసింది. ఆయన సీట్లో లేకపోతే సింధూరి ఎత్తింది.

“మా ఆయన సంఘం ఆల్బమ్‌లో ఫొటోలు పెట్టి పంపిన లింకు తెరుచుకోటం లేదమ్మా. పేరు ‘మా ఆవిడ’ అని ఉంటది.”

“ఆయన్నే ఇంకోటి పంపమనండి, నిమిషం పని.”

“ఆయన పోయి మూడు నెలలైందమ్మా. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలా.”

సింధూరి ఆ లింకు పేరు కాగితం మీద రాసుకుంది.

తెలుగు పేర్లున్న పాత లింకులన్నీ కొత్త వెర్షన్‌లో చెడిపోయాయి. సాఫ్ట్‌వేర్ చూసే తోటివాళ్లు, “తెలుగు పేర్లు పెట్టేది నలుగురేగా, వదిలేయండి” అన్నారు. రామకోటేశ్వరరావు గారు వదల్లేదు. వాళ్లు మూడుసార్లు కాదన్న మరమ్మతును నాలుగోసారి రాశారు.

“ఎందుకండీ ఇంత పట్టుదల?” అంది సింధూరి.

“మా అన్నయ్య ఓ లింకు పంపాడమ్మా. తర్వాత చూద్దాంలే అనుకున్నా. వాడు పోయాక నొక్కితే ఏమీ రాలేదు. అందులో ఏముందో ఇప్పటికీ తెలీదు.”

ఇన్నాళ్లూ తను దేన్ని చాదస్తమనుకుందో సింధూరికి అప్పుడర్థమైంది.

తొమ్మిదో రోజు తోటివాళ్లు ఆ మరమ్మతు ఒప్పుకున్నారు. ఇద్దరూ చల్లపల్లి వెళ్లి సంఘం కంప్యూటర్లో దాన్ని ఎక్కించారు. రాఘవమ్మ చెయ్యి చీరకు తుడుచుకుని తన ఫోన్లో లింకు నొక్కింది.

ఫొటోలు తెరుచుకున్నాయి. ఆమె కళ్ల నీళ్లు తెరమీద పడుతుంటే తుడుస్తూ, ఉన్నట్టుండి నవ్వింది.

“చూడండి బాబూ! మగ్గం మీద నోరు తెరుచుకుని నిద్రపోతుంటే తీశాడు. ఒక్కటన్నా సరిగ్గా తీశాడేమో చూడండి!”

రామకోటేశ్వరరావు గారు లేచి, “ఇక మేం బయల్దేరతామమ్మా” అన్నారు.

“ఉండండి బాబూ,” అంది రాఘవమ్మ, తలెత్తకుండానే. “ఇంకా చాలా ఉన్నాయి.”