ఎడమ తలుపు మీద ఎర్ర మరకలు

కిల్లీ ఉమ్ము ఎండిపోయాక ఎలా ఉంటుందో ముఖం దగ్గరగా పెట్టి చూసినవాళ్ళు తక్కువ ఉంటారు. నేను చూశాను. దాదాపు ఏడాదిపాటు, ప్రతి సోమవారం పొద్దున్న, కళ్ళజోడు పెట్టుకుని, టార్చిలైటు వేసి మరీ చూశాను. అంచుల్లో నలుపు, మధ్యలో ఇటుక రంగు, అక్కడక్కడా అంటుకుపోయిన వక్క పలుకు. దానికో వాసన కూడా ఉంటుంది. జర్దా, సున్నం, ఎవరిదో నోరు. అన్నీ నా తెల్లకారు వెనక ఎడమ తలుపు మీద.

నేను ఓడల మరమ్మతు యార్డులో రంగుల షెడ్డులో పనిచేసి రిటైరయ్యాను. ఓడ పొట్టకి ఎన్ని పూతలు పడాలి, ఏ పూత ఎప్పుడు పొక్కుతుంది, తుప్పు ఎటునుంచి ఎటు పాకుతుంది, ఇవి చూసి రాయడమే నా పని. ఇంట్లో డైరీ రాయడం అంతకు ముందునుంచే ఉంది. ఉద్యోగం అయిపోయాక రాయడానికి మిగిలినవి రెండే, ఇల్లూ, కారూ. కారు పాతది. ఇక్కడ బర్మాలో బళ్ళు రోడ్డుకి కుడిపక్కన నడిచినా, స్టీరింగు కూడా కుడివైపే ఉండే జపాను బండి. సంచౌంగ్‌లో మా వీధిలో దానికంటే కొత్తవి చాలా ఉన్నాయి, దానికంటే మెరిసేది లేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఆ మెరుపు నా చేత ఏం చేయించిందో చెప్పడానికి చెబుతున్నాను.

నా పద్ధతి ఇది. రెండు బకెట్లు, ఒకటి సబ్బునీళ్ళకి, ఒకటి గుడ్డ కడుక్కోడానికి. రెండింటి అడుగునా జల్లెడ, ఇసుక కిందికి దిగిపోవాలి, మళ్ళీ గుడ్డకి ఎక్కకూడదు. పైనుంచి కిందికి, ఒకే దిక్కుకి తుడవాలి. గుండ్రంగా రుద్దినవాడి కారు ఎండలో పెడితే సాలెగూళ్ళలాంటి గీతలు కనిపిస్తాయి. చక్రాల గుడ్డ వేరు, ఒంటి గుడ్డ వేరు. అన్నిటికంటే పెద్ద నియమం, దుమ్ముపట్టిన కారు మీద కవరు కప్పకూడదు. కప్పితే గాలికి ఆ కవరే గరుకు కాగితంలా పనిచేస్తుంది. అందుకని ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చిన కారుని అలాగే వదిలేసి, సోమవారం పొద్దున్న కడిగి, ఆరబెట్టి, అప్పుడు కప్పేవాణ్ణి. వారానికి ఒక్క రాత్రి మాత్రమే నా కారు బట్ట లేకుండా ఉండేది. మరకలు పడేదీ ఆ రోజే.

ఆదివారం కారుకి పని మా బావగారివల్ల. ఆయన మా అక్క భర్త, ఏటి అవతల తన్లిన్‌లో ఉంటారు. కాళ్ళ నొప్పులతో ఏడాదిగా బస్సెక్కలేరు. అక్క గుమ్మం దాటడం మానేసి చాలాకాలమైంది. పొద్దున్నే వెళ్ళి ఆయన్ని తెచ్చి అమ్మవారి గుడికి తీసుకెళ్ళేవాణ్ణి. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. సాయంత్రం మళ్ళీ తన్లిన్‌లో దింపి, పొద్దువాలే వేళకి ఇంటికి వచ్చేవాణ్ణి. మా నాన్న కాలంనుంచీ ఇంటల్లుడు భోంచేశాక కిల్లీ ఇవ్వకుండా పంపడం మా ఇంట్లో లేదు. నాన్న స్వయంగా చుట్టి ఇచ్చేవాడు. నాకా నేర్పు లేదు. కొనేవాణ్ణి.

కొనేది ఎదురుగా ఉన్న కిల్లీ బల్ల దగ్గర. నడిపే ఆమె బర్మా మనిషి, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఇక్కడి పద్ధతిలో నేనామెను న్యీమా అనేవాణ్ణి, చెల్లీ అన్నట్టు. ఆమె నన్ను ఊలే అనేది, చిన్నాన్నా అన్నట్టు. ఆదివారం సాయంత్రాలు ఆ బల్ల చుట్టూ మగవాళ్ళు చేరి ఫోనులో ఫుట్‌బాల్ చూస్తూ నమిలేవారు. నా కారు ఎడమవైపు రోడ్డుకి, అంటే ఆ బల్లకి ఎదురుగా ఉండేది. నేను కుడివైపు దిగి నేరుగా మెట్లెక్కేవాణ్ణి, సోమవారం దాకా అటువైపు చూసేది లేదు. నాకింక వేరే ఆలోచన అక్కర్లేకపోయింది.

సోమవారాలన్నీ రాసుకున్నాను. మరక ఎక్కడ, ఎంత, ఎన్ని చుక్కలు. ఒకచోట "చుక్కలకి తోక ఉంది, తోక వెనక దీపం వైపు" అని కూడా రాశాను. నా చేత్తో నేనే రాశాను.

ఆ మరక పోగొట్టడం నీళ్ళు కొట్టి తుడిచేసే పని కాదు. సున్నం రాత్రంతా ఉండి రంగు పైనున్న పారదర్శకపు పూతని కొరుకుతుంది. ముందు నీళ్ళతో నానబెట్టాలి. తరవాత పలచని వెనిగర్ అద్ది సున్నం విరగ్గొట్టాలి. తరవాత మురికిని పట్టి లాగే క్లే ముద్దని సబ్బునీళ్ళ మీద జార్చాలి. అది ఎర్రబడితే మడిచి కొత్త ముఖం తీయాలి. అప్పటికీ నీడలా మిగిలితే పాలిష్. పాలిష్ అంటే రుద్దినప్పుడల్లా పై పూత కొంచెం పోవడమే. ఎవడో తుపుక్కున ఉమ్మినదానికి నేను నా కారు చర్మం ఒలుచుకోవాలి. చేతి తొడుగు వేసుకున్నా ఆ ఎర్రనీళ్ళు మణికట్టు దాకా కారేవి. సోమవారం పొద్దున్న టిఫిను నోటికి పోయేది కాదు.

ఒకరోజు బల్ల దగ్గరికి వెళ్ళాను.

"న్యీమా, నీ దగ్గరికి వచ్చేవాళ్ళు నా కారు మీద ఉమ్ముతున్నారు."

"డబ్బా పెట్టాను కదా ఊలే, అందులోనే ఉమ్ముతారు."

"మరి నా తలుపు మీద పడ్డదేమిటి?"

"రోడ్డు దాటి మీ తలుపు దాకా ఉమ్మాలంటే వీళ్ళకి నోరు చాలదు. ఫైరింజను పైపు కావాలి."

అక్కడున్న మగవాళ్ళు పగలబడి నవ్వారు. ఒకడు నోరు తెరిచి పైపు పట్టుకున్నట్టు చూపించాడు. ఆ ఎర్రటి నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆమె మాత్రం నవ్వలేదు. "ఒక్క ఆదివారం సాయంత్రం మీరే ఇక్కడ కూర్చుని చూడండి ఊలే, స్టూలు వేస్తాను" అంది.

"చూడక్కర్లేదు. నా దగ్గర రాత ఉంది" అన్నాను.

ఆ రాత పట్టుకుని మా వరస మేడల్లో పదకొండు ఇళ్ళ మెట్లెక్కాను. ప్రతి ఇంట్లోనూ డైరీ తెరిచి చూపించాను. ఇంత పద్ధతిగా రాసే మనిషి అబద్ధం చెబుతాడా అన్నారు. ఆ బల్లవల్ల వీధి మురికవుతోందని కాగితం రాస్తే పదకొండు ఇళ్ళవాళ్ళూ సంతకాలు పెట్టారు. వీధిపెద్ద ఆమెను ఎత్తేయమన్నాడు. వాళ్ళమ్మ పెట్టిన బల్ల అది. వారం తిరక్కుండా ఆమె దాన్ని మడిచి, సున్నపు డబ్బా, ఆకుల తడిగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది. నేను బాల్కనీలోంచి చూశాను.

తరవాతి సోమవారం తలుపు తెల్లగా ఉంది. ఆ పై సోమవారమూ, ఆ పై సోమవారమూ. డైరీలో "రుజువైంది" అని రాసి కింద గీత గీశాను. తలుపుకి పూర్తి పని పెట్టుకున్నాను. క్లే, పాలిష్, రెండు పూతల మైనం. మెత్తని గుడ్డతో ఆఖరిసారి తుడిచినప్పుడు అందులో నా ముఖం కనిపించింది. ఎంత సంతోషించానో తలచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది.

నాలుగో ఆదివారం భోజనం దగ్గర బావగారు అలిగారు.

"ఏరా బావమరిదీ, మూడు వారాలైంది. బోజనం పెడతన్నావు, కిల్లీ లేదు. మీ అక్కని నాకిచ్చింది ఉత్తి అన్నానికేటి?"

"ఎదర బల్ల తీసేశారు బావా."

"బల్ల తీసేస్తే బజారు తీసేసినారేటి? మీ నాయినుంటే మోకాళ్ళ మీద నడిచెళ్ళి తెచ్చీవాడు."

సంచౌంగ్ బజారుకి వెళ్ళి తెచ్చాను. జర్దా ఎక్కువ వేయించాను. ఆయన దవడ నిండా పెట్టుకుని కారెక్కారు. సోమవారం పొద్దున్న తలుపు మీద అయిదు చుక్కలు, ఎర్రగా, తోకలతో.

అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. ఆ బల్ల మనుషులే కక్షతో వచ్చి ఉమ్మి పోయారని రాశాను. ఆ వాక్యం డైరీలో ఇంకా ఉంది.

మరుసటి ఆదివారం సాయంత్రం ఆయన్ని కిల్లీతో ఎక్కించుకుని తన్లిన్ వంతెన మీద వెళ్తున్నాం. పాత వంతెన అది, మధ్యలో రైలు పట్టాలు, రెండు పక్కలా బళ్ళు. బావగారు ఎప్పటిలాగే నా ఎడమ పక్కన, అద్దం దించుకుని కూర్చున్నారు. వెనక లారీ హారను కొడితే ఎడమవైపు అద్దంలోకి చూశాను. అదే క్షణంలో ఆయన మెడ బయటికి చాచి ఉమ్మారు. ఎర్రటి తీగలాంటిది గాలికి వంగి వెనక్కొచ్చి, వెనక తలుపుకి తగిలి, చిట్లి, సాగింది. అద్దంలో స్పష్టంగా కనిపించింది.

"బావా, ఏటది?"

"ఏది?"

"ఇప్పుడు ఉమ్మినారు కదా."

"ఉమ్మక మింగమంటావేటి?"

"కారు మీద పడతంది."

"పట్టాల మీద పడద్దిరా. బస్సులెక్కిన కాడినుంచీ ఉమ్ముతున్నాను. రైలోడే అడగనేదు, నువ్వడుగుతున్నావేటి?"

మా ఇళ్ళల్లో అక్క మొగుణ్ణి తప్పు పట్టడం లేదు. ఆయన్ని చూడడం కూడా గౌరవంగా పక్కనుంచే. అన్నాళ్ళు పక్కసీటులో కూర్చోబెట్టుకుని నడిపాను గానీ, ఆ నోట్లో ఉన్నది ఎటుపోతుందని ఒక్కసారి ఆలోచించలేదు. ఆయన్ని దింపి, కాళ్ళకి దండం పెట్టి, ఆ మరకతోనే ఇంటికొచ్చాను.

డైరీలు తీశాను. చుక్కలకి తోక, తోక వెనక దీపం వైపు. ఆగి ఉన్న కారు మీద ఉమ్మితే చుక్క కిందికి కారుతుంది. వెనక్కి సాగదు. నడుస్తున్న కారు మీద పడితేనే అలా సాగుతుంది. ఓడ పొట్ట మీద మరక తోక చూసి నీరు ఎటు పారిందో చెప్పాలని షెడ్డులో ఎంతమందికి నేర్పానో. అదే పేజీలో, ఆ వాక్యానికి రెండు వరసల పైన, "బావగారికి కిల్లీ ఒకటి" అని కూడా ఉంది. కిల్లీ లేని మూడు వారాలూ మరక లేదు. అంతా రాసి ఉంది. చదవడమే లేదు. పద్ధతిగల మనిషినని నాకు పేరు తెచ్చిన ఆ చేతిరాత చూస్తే, ఎండిన ఉమ్ము చూసినట్టే ఉంది.

టీ దుకాణంలో అడిగితే కిల్లీ బల్ల ఆమె ఊరి చివర ఫ్యాక్టరీల పేట లైంగ్‌థార్యార్‌లో ఉందన్నారు. కారు తీయలేదు. రెండు బస్సులు మారి వెళ్ళాను. బట్టల ఫ్యాక్టరీ గేటు ముందు, మెడకి చెక్క పళ్ళెం తగిలించుకుని, నిలబడి కిల్లీలు చుడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"కారు రాలేదా ఊలే?"

"బస్సులో వచ్చాను. న్యీమా, ఉమ్మింది నీ మనుషులు కాదు. మా బావగారు. కారు నడుస్తుండగా, కిటికీలోంచి."

ఆమె ఆకు మీద సున్నం రాసింది. వక్కలు వేసింది. "ఆదివారం మీరు తీసుకెళ్ళేది ఆయనకేనా? జర్దా ఎక్కువ వేయమనేవారు."

"ఆయనకే."

"మరి అది మీ పుస్తకంలో లేదా?"

"ఉంది."

ఆమె ఆకు మడిచి పక్కన నిలబడ్డ అమ్మాయికి ఇచ్చింది. నేను వీధిపెద్దతో మాట్లాడతానని, చోటు తిరిగి ఇప్పిస్తానని చెప్పాను. అప్పటికే అక్కడ ఎవరో ఫోను కవర్ల బల్ల పెట్టారని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

"చోటు సంగతి వదిలేయండి. నా కూతురు ఇంకా ఆ వీధిలోంచే పనికి వెళ్తుంది. ఉమ్ముల బల్ల కూతురంటున్నారు దాన్ని. ఆ పుస్తకం పట్టుకుని పదకొండు ఇళ్ళకి వెళ్ళారు కదా. అదే పుస్తకం పట్టుకుని మళ్ళీ వెళ్ళండి. ఎవరు ఉమ్మారో చెప్పండి."

ఎవరు ఉమ్మారో చెప్పడమంటే అక్క మొగుడి పేరు పదకొండు గుమ్మాల్లో చెప్పడం. బస్సులో వస్తున్నంతసేపూ "మా ఇంటి మనిషి" అంటే సరిపోతుందేమోనని వాక్యం తయారుచేసుకున్నాను. మొదటి ఇంట్లో అదే అన్నాను. "అంటే ఎవరు? మీరేనా?" అని నవ్వారు. ఆ నవ్వుకి అక్కడే చెప్పేశాను. మా బావగారు, తన్లిన్‌లో ఉంటారు, కిల్లీ కొనిచ్చింది నేనే.

రెండో ఇంట్లో ఆవిడ డైరీ చూడనే లేదు. మూడో ఇంటాయన "ఏ కిల్లీ ఆవిడ?" అన్నాడు. సంతకం పెట్టిన మనిషి. మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. అయిదో ఇంటాయన నా భుజం తట్టి, "పోనీండి ఊలే, ఏదైతేనేం, వీధి శుభ్రపడింది కదా" అన్నాడు. నేను కాగితంలో రాసిన మాటే అది. వాళ్ళ మెట్ల మూల ఎర్రగా ఉంది, ఎక్కేటప్పుడూ చూశాను, దిగేటప్పుడూ చూశాను.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. ఎవరు మోశారో గానీ మాట వంతెన దాటిపోయింది. "మీ బావని ఊరంతా తిప్పి చూపిస్తన్నావంట. కారు ముక్యమా, ఆయన ముక్యమా?" అంది. కారు సంగతి కాదు అక్కా అన్నాను. నమ్మలేదు. నిన్నటిదాకా కారు తప్ప మాట్లాడని మనిషిని ఎందుకు నమ్ముతుంది? ఆదివారం రావద్దంది.

సోమవారం పొద్దున్న బకెట్లు దింపి కారు కడుగుతున్నాను. వెళ్ళడానికి ఎక్కడికీ లేదు, దుమ్ము తప్ప మరకలూ లేవు. అలవాటు కొద్దీ కడుగుతున్నాను. ఆమె కూతురు పనికి వెళ్తూ నా దగ్గర ఆగింది. అంతకు ముందు ఆ పిల్ల నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"అమ్మ అడగమంది. పదకొండూ అయ్యాయా అని."

"తొమ్మిది అయ్యాయి. నాలుగో అంతస్తులో ఒకరు, ఆరో అంతస్తులో ఒకరు తలుపు తీయలేదు."

"ఇంట్లో ఉన్నారు. ఇప్పుడే బాల్కనీలో చూశాను."

కారు సగం సబ్బుతో ఉంది. ఎండెక్కితే నురుగు ఎండి మరకలు పడతాయి. గుడ్డ బకెట్లో వేసి, చేతులు తుడుచుకుని, డైరీ తెచ్చుకుని నాలుగో అంతస్తుకి మెట్లెక్కాను.