యాల తొందర?

మదనపల్లెలో నా స్టూడియో ఒక టైర్ల షాపు పైన ఉంది. కింద గాలి కొట్టే మిషను మొదలైతే పైన రికార్డింగు ఆపాల్సిందే. నా పని గురించి గొప్పగా చెప్పుకోవాలంటే సౌండ్ ఇంజనీరును. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, శ్రుతి తప్పినవాళ్లను శ్రుతిలోకీ, తాళం తప్పినవాళ్లను తాళంలోకీ కంప్యూటర్లో జరిపే మనిషిని. తెర మీద గొంతు చిన్న చిన్న ముక్కలుగా కనిపిస్తుంది. కిందికి జారిన ముక్కను మౌసుతో పైకి నెడితే శ్రుతి కుదురుతుంది, పక్కకు నెడితే తాళం కుదురుతుంది. పెళ్లి వీడియోలో తామే పాడాలని సరదాపడే పెళ్లికొడుకులూ, జాతర పాటలవాళ్లూ, ఎన్నికలొస్తే అన్ని పార్టీలవాళ్లూ నా చేతికింద సమానంగా శ్రుతిలో పడతారు. ఈ పని చేసీ చేసీ నాకొక జబ్బు పట్టుకుంది. బస్టాండులో కండక్టరు "పుంగనూరు, పుంగనూరు" అని అరిచినా, రెండో పుంగనూరు కాస్త కిందికి జారిందే అని నా చెయ్యి మౌసు కోసం వెతుకుతుంది.

పోయిన క్రిస్మసుకు ముందు మా అమ్మ పాడే చర్చి క్వయరు నా స్టూడియోకు వచ్చింది. అందరూ పెద్దవాళ్లే. రిటైరైన నర్సులు, రిటైరైన టీచరమ్మలు, వంటింట్లోంచి ఇంకా రిటైరు కాని మా అమ్మ. వాళ్లందరినీ నడిపించేది సిస్టరమ్మ. మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసిన మనిషి, పుట్టింది కుప్పంలో. పాట తెలుగులో పాడుతుంది, లెక్కలు తమిళంలో వేస్తుంది, తిట్టేటప్పుడు ఆ రెండూ, పైన కన్నడమూ కలిపి ఏది ముందు నోటికొస్తే అది వాడుతుంది.

ఆ క్వయరు పద్ధతి చాలా సులువు. సిస్టరమ్మ ఒక్కతే ఒక చరణం పాడుతుంది. చివరి అక్షరాన్ని పూర్తిగా సాగదీసి ఆపుతుంది. ఆమె ఆపాక మిగతావాళ్లు పల్లవి ఎత్తుకోవాలి. కానీ ఎత్తుకోరు. అంటే ఆమె ఆపేదాకా ఆగరు. ఆమె ఇంకా సాగదీస్తుండగానే అందరూ మీద పడిపోతారు. పాట అయ్యీ అవగానే సిస్టరమ్మ వెనక్కి తిరిగి తిట్లు అందుకుంటుంది: "యాల తొందర? పలమనేరు బస్సు పోతాండాదా?" ఎన్నో ఏళ్లుగా ప్రతి ఆదివారం ఇదే తంతు. మా చర్చిలో ఆ తిట్టు ఆరాధన క్రమంలో భాగమే అనుకునేవాళ్లు కూడా ఉన్నారు.

ఈసారి క్రిస్మసు రౌండ్లకు వ్యాను ఎక్కి వీధి వీధీ తిరిగే ఓపిక వాళ్లలో చాలామందికి లేదు. పాటలు రికార్డు చేసి పెన్‌డ్రైవులో ఇస్తే, వ్యానులో కుర్రకారు మైకు పెట్టుకుని తిరుగుతారని తీర్మానమైంది. సిస్టరమ్మ నా కుర్చీలో కూర్చుని నా కంప్యూటరును రోగిని చూసినట్టు చూసింది.

"దీంట్లో పెడితే తాళం తప్పినోళ్లు దారికొస్తారంట గదా?"

"వస్తారు సిస్టరమ్మా."

"అయితే వీళ్ల తొందర తీసేయప్పా. నేను సెప్తే ఇనేదిల్లే. మిషనన్నా సెప్పనీ."

వెనకున్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా అమ్మ పైనున్న ఫ్యాను చూసింది.

సిస్టరమ్మను అద్దాల గదిలో నిలబెట్టి, మిగతావాళ్లను హాల్లో నిలబెట్టి, ఆమె గొంతు ఒక ట్రాకులో, వాళ్ల గొంతులు ఇంకో ట్రాకులో పట్టాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టినా అలవాటు పోలేదు. ప్రతి చరణం చివరా గుంపు ముందే దూకింది. ప్రతి పాట చివరా అద్దం లోపల్నుంచి తిట్లు వచ్చాయి. తిట్లు మాత్రం అద్భుతమైన శ్రుతిలో ఉన్నాయి, ఒక్కటి కూడా దిద్దాల్సిన పని లేదు.

మరుసటి రోజు కూర్చుని, చెప్పిన పని చేశాను. గుంపు పాడిన ముక్కలన్నిటినీ పట్టి వెనక్కి జరిపి, అవి ఉండాల్సిన చోట పెట్టాను. విన్నాను. సిస్టరమ్మ గొంతుకూ గుంపు పల్లవికీ మధ్య పెద్ద ఖాళీ తేలింది. నేనే లెక్క తప్పానేమో అని మళ్లీ చేశాను. మళ్లీ ఖాళీయే. శబ్దం పెంచి వింటే అక్కడ సిస్టరమ్మ గొంతు వణికి, కిందికి జారి, తెగిపోయి, వెంటనే చిన్న దగ్గు. మొదటి చరణంలో ఫరవాలేదు. తర్వాత్తర్వాత ఖాళీ పెరుగుతూ వచ్చింది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని, తొక్క ఊడేలా పితుకుతూ పప్పు తీస్తూ ఉంది. విషయం చెప్పాను. ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"మమ్మల్ని జరపొద్దురా."

"సిస్టరమ్మే జరపమన్నాది గదమ్మా."

"ఆయమ్మకు తెలీదు. నెమ్ము సేసి ఆసుపత్రిలో పడి లేసినప్పట్నించి అక్కకు దమ్ము సాలదురా. కడాన ఊపిరి నిలబడదు. దగ్గొచ్చే లోపల మేము ఎత్తుకుంటాము. మేము మీద పడినామని తాను ఆపినట్టు అనుకుంటాది."

"అందరూ అనుకునే సేస్తాండారా?"

"అనుకునేదేముండాది? ఒకరు ఎత్తుకుంటిరి, అందరం ఎత్తుకుంటిమి."

"మరి ఇన్నేండ్లుగా తిట్లు పడతాండారే?"

"పడితే ఏమాయె? తిట్టేదానికి మాత్రం దమ్ము బాగనే ఉంటాది." అని నవ్వింది గానీ, వెంటనే ఆ నవ్వు పోయింది. "తెలిస్తే మానేస్తాదిరా. స్వరం నిలబడని పొద్దు వెనక బెంచీలో కూసుంటానని ఎప్పుడూ సెప్తానే ఉంటాది. మాట తప్పే మనిషి కాదు. పాట లేకపోతే ఆ ఇంట్లో ఒంటిగా ఏం సేస్తాది, సెప్పు."

ఇన్నాళ్లూ తాళం రాదని నేను ఎగతాళి చేసిన మా అమ్మ మీద నాకు గర్వం పొంగుకొచ్చింది.

సరే, సాఫ్ట్‌వేరు ఎందుకుంది? గుంపును సిస్టరమ్మ చెప్పినట్టే సరైన చోట ఉంచి, ఆ ఖాళీని సిస్టరమ్మ గొంతుతోనే నింపుదామనుకున్నాను. ఆమె చివరి అక్షరాన్ని పట్టుకుని లాగాను. మొదటిసారి లారీ హారనులా వచ్చింది. రెండోసారి మేకపిల్ల అరిచింది. చివరికి మొదటి చరణంలో ఊపిరి నిండుగా ఉన్న చోటు నుంచి అదే అక్షరాన్ని తెచ్చి అతికించి, జారిన శ్రుతిని పైకెత్తి, దగ్గు కోసేసి, మధ్యమధ్య ఆయాసం కూడా తుడిచేశాను. విని నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఆమె వయసులో ఉన్నప్పుడు కూడా అలా పాడి ఉండదు.

సిస్టరమ్మ వినడానికి వచ్చింది. తోడుగా అమ్మ వచ్చింది, బిక్కమొహంతో. పాట పెట్టాను. గుంపు పద్ధతిగా ఆగి ఎత్తుకునేసరికి సిస్టరమ్మ మొహం వెలిగిపోయింది. "సూస్తివా? మిషను సెప్తే ఇంటారు!" అంది అమ్మను మోచేత్తో పొడిచి. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"ఇంకోతూరి పెట్టు" అంది. ఈసారి చేతి గడియారం వైపు చూస్తూ విన్నది. తాళం లెక్కపెడుతోందనుకున్నాను. పాట అయ్యాక గడియారం మీంచి కళ్లెత్తింది.

"ఏమప్పా, ఈ మనిషి యాడ ఊపిరి తీసింది?"

నేను తెర వైపు తిరిగి మౌసు పట్టుకున్నాను.

"రోగుల ఊపిరి లెక్కబెట్టి లెక్కబెట్టి రిటైరయిన దాన్ని. ఇంతసేపు ఊపిరి తీకుంటే పాట కాదు, డాక్టరును పిలవాల. నువ్వు కలిపింది తీసేసి పెట్టు."

అమ్మ వైపు చూశాను. అమ్మ నేల చూపులు చూస్తోంది. పెట్టాను. గొంతు వణికింది, జారింది, దగ్గు వినిపించింది, తర్వాత ఆ ఖాళీ వచ్చింది. గది అంతా ఆ ఖాళీయే అయింది. గుంపు పల్లవి రావడానికి ఒక యుగం పట్టినట్టనిపించింది.

"ఎన్నాళ్లనించి?" అంది సిస్టరమ్మ, అమ్మతో.

"ఏందక్కా?"

"మీ తొందర."

"నీకు నెమ్ము సేసినప్పట్నించి" అంది అమ్మ, వినీ వినపడకుండా.

సిస్టరమ్మ లేచి సంచీ తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి నాతో, "వాళ్ల తొందర వాళ్లకిచ్చేయప్పా. యాడుండేది ఆడ పెట్టేయ్" అంది. తిట్టలేదు. అదే మమ్మల్ని భయపెట్టింది.

గుంపు తొందరంతా ఎప్పటి చోటే పెట్టి, పెన్‌డ్రైవు వ్యాను కుర్రాళ్లకు ఇచ్చేశాను. ఆ వారం సిస్టరమ్మ ప్రాక్టీసుకు రాలేదు. ఫోను ఎత్తలేదు. అమ్మ అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండేది. మంచికని చేసిన పనే అయినా, నాకూ మెతుకు దిగలేదు.

ఆ ఆదివారమే పుంగనూరు చర్చిలో కోత పండుగ. మా క్వయరు ప్రతి ఏడూ అక్కడ పాడాలి. నేనే కారులో అమ్మ వాళ్లను తీసుకెళ్లాను. వేదిక ముందు పంట కానుకగా తెచ్చిన గుమ్మడికాయలూ, టమాటా బుట్టలూ, కొత్తిమీర కట్టలూ పేర్చి ఉన్నాయి, చర్చి అంతా కూరగాయల మండీ వాసన. సిస్టరమ్మ ముందే బస్సులో వచ్చేసింది. వెనక బెంచీలో కూర్చుంది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

క్వయరును పిలిచారు. అందరూ వెళ్లి నిలబడ్డారు. ముందున్న మైకు దగ్గర ఎవరూ నిలబడలేదు. అప్పుడు వెనక బెంచీ కిర్రుమంది. సిస్టరమ్మ చీర సర్దుకుంటూ, గుమ్మడికాయలను దాటుకుంటూ వచ్చి మైకు పట్టుకుంది. చరణం మొదలుపెట్టింది. చివరి అక్షరం సాగదీసింది.

గుంపు ఎత్తుకోలేదు. ఆమెకు అంతా తెలిసిపోయాక ఎలా ఎత్తుకుంటారు? సిగ్గుపడి, మర్యాదగా, ఒకరి కోసం ఒకరు ఆగిపోయారు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె ఆపేదాకా ఆగారు. సిస్టరమ్మ గొంతు వణికింది, జారింది, తెగింది. ఆ ఖాళీ చర్చి నిండా పరుచుకుంది.

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. మైకు నోటి దగ్గరే ఉంది.

"యాల ఆలస్యం? నన్ను సంపాలనుండారా?"

అమ్మ వాళ్లంతా ఏడుపూ నవ్వూ కలిసిన గొంతులతో ఒక్కసారిగా ఆమె మీద పడిపోయారు.