మామ కట్టిన సెన్సార్

మా మామ కోడిపిల్లల గదిలోనే పోయాడు. పుష్యమాసం. శృంగవరపుకోట దాటాక కొండ మొదట్లో మా ఊరు, ఆ నెలలో పొద్దు వాలకముందే చలి మొదలవుతుంది. పెరట్లో రేకుల గది, నేలంతా ఊక, దాని మీద వారం నిండని నాటుకోడి పిల్లలు మూడు వందలు. వాటి మధ్య మంచం వేసుకుని పడుకోవడం ఆయనకి ముప్పయ్యేళ్ల అలవాటు. వెనకటి రోజుల్లో కుంపటి పెట్టి కాపలా కాసేవాడు. బల్బులొచ్చాక కుంపటి పోయింది గానీ మంచం మాత్రం కదల్లేదు.

ఆ మంచం ఎత్తించాలనే నేను థర్మోస్టాట్ తెప్పించాను. గోడకి చిన్న పెట్టె, దాన్నుంచి తీగతో వేలాడే సెన్సార్, నా ఫోన్‌లో యాప్. వేడి ముప్పై నాలుగు డిగ్రీల కంటే తగ్గితే పెద్ద బల్బులు వాటంతటవే వెలుగుతాయి, పెరిగితే ఆరిపోతాయి. దగ్గుతో ఛాతీ పట్టేసిన మనిషి ఇక ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకోవచ్చని నా ఆశ. ఆయన పెట్టెకి సరేనన్నాడు గానీ సెన్సార్‌ని గది మధ్యలో కట్టనివ్వలేదు.

"దానికి సలంటే ఏటో తెలస్తాదా? నా తలకాడ కడతాను. నాకు సలేస్తే దానికీ ఏస్తాది," అని తలగడ పక్కన గోడమేకుకి గోగునారతో తనే బిగించి కట్టాడు. ఇక మంచమూ అక్కడే, మనిషీ అక్కడే. నాకు ఒళ్లు మండి రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున్నే టీ తీసుకెళ్లి లేపితే ఆయన లేవలేదు.

మంచం బయట వేసేశారు. ప్రాణం పోయిన చోట పదకొండో రోజు దాకా దీపం ఆరకూడదు కదా. అత్త అక్కడి ఊక తుడిచి, పిల్లలు నిప్పులో పడకుండా చుట్టూ ఇటుకలు పేర్చి, మధ్యలో పెద్ద ప్రమిద పెట్టి, సాయంత్రం ఆరింటికి దీపం వెలిగించింది. ఆవిడ ఏడవలేదు. పూటపూటకీ నూనె పోయడం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటినిండా చుట్టాలు. నా భర్త కర్మ చేస్తున్నాడు. కోడిపిల్లల సంగతి నేను నెత్తినేసుకున్నాను, అంటే ఫోన్ చూడటం. ముప్పై అయిదు, ముప్పై ఆరు. బల్బులు ఆరి ఉంటే వేడి చాలిందనుకున్నాను. శాలువా కప్పుకుని ఆ గదిలోకి వెళ్లి, వణుక్కుంటూ నిలబడి కూడా ఫోన్‌నే నమ్మాను. అంత తెలివి నాది.

మూడో రోజు పొద్దున చూస్తే పదకొండు పిల్లలు చచ్చి ఉన్నాయి. నాలుగో రోజు ఇరవై. అన్నీ ఒకేచోట, దీపం చుట్టూ ఇటుకలకి ఆనుకుని, ఒకదాని మీద ఒకటి. గదంతా ఖాళీగా ఉన్నా బతికినవి కూడా అక్కడే గుట్టపడి కీచుమంటున్నాయి, సరిగ్గా మామ తల పెట్టుకునే చోట. మేత మార్చాను. నీళ్లలో మందు కలిపాను. పెట్టె ఆపి మళ్లీ వేశాను, వైఫై ఆపి మళ్లీ వేశాను. అది అమ్మిన విజయనగరం కొట్టతనికి ఫోన్ చేస్తే స్క్రీన్ ఫోటో పంపమన్నాడు. చూసి, వేడి బాగానే ఉంది కదమ్మా, మిషన్‌లో లోపమేమీ లేదన్నాడు.

పెంచిన మనిషి వదల్లేక వాటిని పిలుచుకుపోతున్నాడని చుట్టాల్లో ఆడవాళ్లు గుసగుసలాడారు. వాళ్లని కసురుకున్నాను గానీ, చీకటి పడ్డాక ఆ గది గుమ్మం దాటడం నేనూ మానేశాను. అత్తకి భయం లేదు. పొద్దున్నే వెళ్లి ఆ గుట్టను చూస్తూ కూర్చునేది.

"సూడే, మీ మావ కాడికే పోతన్నాయి. ఇంకా ఈడే ఉన్నాడు," అంది ఒకరోజు నెమ్మదిగా. అన్నం ముట్టని మనిషి ఆ పూట గంజి తాగింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం యాప్‌లో పాత రోజుల గీత తెరిచాను. మామ ఉన్న ఆ రెండు రోజులూ అది లేస్తూ దిగుతూ ఉంది. ఆయన పోయిన రోజు సాయంత్రం ఒక్కసారిగా పైకి లేచింది, ఆ తర్వాత దిగలేదు. దాని కింద బల్బులు వెలిగిన గంటలు చూపించే వరస అప్పటినుంచీ ఖాళీ. వారం రోజులుగా ఆ గదిలో ఒక్క బల్బూ వెలగలేదు, ఆయన తలకాడ మాత్రం వెచ్చగా ఉంది. గీత లేచిన టైము మళ్లీ చూశాను. సాయంత్రం ఆరు.

పరిగెత్తాను. సెన్సార్ దీపానికి జానెడు పైన వేలాడుతోంది, ముట్టుకుంటే వేడి. దీపం వేడి చూసి అది గదంతా వెచ్చగా ఉందనుకుంది. బల్బులు లేక పిల్లలు దీపం దగ్గరికి చేరాయి, అడుగునవి ఊపిరాడక పోయాయి.

దీపం కదపకూడదు కాబట్టి సెన్సార్‌నే కదపాలి. మామ వేసిన ముడి ఎంతకీ ఊడలేదు. కత్తిపీట తెచ్చి కోసేశాను. గది మధ్యలో పిల్లల ఎత్తుకి కట్టగానే బల్బులన్నీ వెలిగాయి. అరగంటలో పిల్లలు గదంతా పరుచుకున్నాయి. గొప్పగా అత్తని పిలిచి, జరిగిందంతా విడమరిచి చెప్పాను. ఆవిడ ఇటుకలకేసి చూసింది. అక్కడ ఒక్క పిల్ల లేదు.

"అయితే ఎల్లిపోనాడే," అని ఊక మీద కూలబడింది. మామ పోయాక అత్త ఏడవడం అదే మొదలు. నోరు మూసుకుని ఉంటే బాగుండేదని అప్పుడు తెలిసింది.

పదకొండో రోజు దీపం కొండెక్కింది. మిగిలిన పిల్లలు బతికాయి. సాయంత్రం అత్త నన్ను గదిలోకి పిలిచి, ఆ తీగ ఒక్కసారి మళ్లీ మేకుకి తగిలించమంది. తగిలించాను. ఇద్దరం కాసేపు నిలబడ్డాం. ఫోన్‌లో అంకె దిగుతూ దిగుతూ ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది.

"ఎంత సూపిస్తన్నాది?" అంది అత్త. ఆవిడకి అంకెలు రావు.

ముప్పై ఆరు అని చెప్పాను.