వద్దంటే వద్దనే అనుకున్నారు

మా బడికీ స్కాట్లాండ్‌లో ఒక బడికీ స్నేహం కలిపింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇప్పుడు మా స్టాఫ్‌రూములో ఎవరినడిగినా బయాలజీ మేడం పేరే చెబుతారు.

మాది ద్రాక్షారామం దాటాక వచ్చే హైస్కూలు. పిల్లల్లో సగం మంది చేపల వేటకు వెళ్లే ఇళ్లవాళ్లు, మిగతావాళ్లు వరిచేలవాళ్లు. అవతలి బడి కూడా సముద్రపు ఒడ్డునే, అక్కడా పడవలున్న ఇళ్లే. ఆ సంగతి కనిపెట్టి వాళ్లకు మెయిల్ రాసిందీ, జవాబు రాకపోతే మళ్లీ రాసిందీ, మా హెచ్.ఎం. గారిని ఒప్పించిందీ ఇంగ్లీషు టీచరునైన నేనే. మధ్యాహ్న భోజనాలయ్యాక మేం వీడియో కాల్ కలిపితే వాళ్లకు అప్పుడే బడి మొదలయ్యేది. మావాళ్లు పండుగప్ప చేపను ఎత్తి చూపిస్తే వాళ్లు పీతను చూపించేవారు. అక్కడి టీచరమ్మా నేనూ పిల్లలు వెళ్లిపోయాక కూడా కాసేపు కబుర్లాడుకునేవాళ్లం.

అంతా బాగానే ఉన్న రోజుల్లో, రెండు బడులకూ కలిపి చేపల మీద ఒక పాఠం చెబుదామంటూ బయాలజీ మేడం అందులో దూరింది. ఆవిడ ఇంగ్లీషుకు నిన్న లేదు, రేపు లేదు, అన్నీ కలిపేసి ధారాళంగా మాట్లాడేస్తుంది. నేను వాక్యాన్ని మనసులో ఒకసారి సరిచూసుకుని నోరు తెరిచేలోపు ఆవిడ జోకు వేయడం, అవతలామె విరగబడి నవ్వడం కూడా అయిపోయేవి. నా మాటలకు ఆమె ఎప్పుడూ అలా నవ్వలేదు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు కాల్‌లో ఆ టీచరమ్మ అసలు కబురు చెప్పింది. మా బడి నుంచి ఒక టీచరు అక్కడికి వెళ్లి, రెండు వారాలుండి పాఠాలు చెప్పాలి. తిరిగొచ్చాక ఈ రెండు బడుల వ్యవహారమంతా ఆ టీచరే చూసుకోవాలి. ఖర్చు వాళ్లదే. చెప్పి, "మీరు వస్తారా?" అని నన్నే అడిగింది.

ఇక్కడ మా గోదావరి వాళ్ల సంగతి కొంచెం చెప్పాలి. మొదటిసారి అడగ్గానే ఊఁ అనేవాళ్లు మాలో ఉండరు. పంక్తిలో గారె వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెడతాం. చెయ్యి పక్కకు జరిపి మరీ వడ్డించాలి. నిజంగానే వడ్డించకుండా వెళ్లిపోతే ఆ పెళ్లివారి మర్యాద గురించి నెల్లాళ్లు చెప్పుకుంటాం. వద్దనడం మా వంతు, వినకపోవడం ఎదుటివాళ్ల వంతు.

నేనూ అలాగే, "అబ్బే, నాకెందుకండీ, మా బడిలో నాకంటే తగినవాళ్లున్నారు" అని ఇంగ్లీషులో ఒక్క తప్పు లేకుండా చెప్పాను. చెప్పి, ఆమె బతిమాలడం కోసం తల కొంచెం వంచుకుని కూర్చున్నాను.

"అర్థమైంది, ఏం పర్వాలేదు. అయితే ఎవరు వస్తారు?" అంది ఆమె.

"నేను వస్తాను" అంది నా పక్క కుర్చీలోంచి బయాలజీ మేడం.

తర్వాత హెచ్.ఎం. గారు పిలిచి, "అదేంటండి మేడం, వద్దన్నారంట?" అన్నారు. మా అత్తగారికి ఒంట్లో బాగుండట్లేదని నోటికొచ్చింది చెప్పాను. ఆ పూట మా అత్తగారు పెరట్లో కూర్చుని కొబ్బరీనెలు చీరుతోంది.

బయాలజీ మేడం వీసాకు పెట్టుకున్నప్పుడు భీమేశ్వరస్వామి గుడికి వెళ్లి, అది రాకూడదని మొక్కుకున్నాను. స్వామికి వినబడలేదో, విని ఊరుకున్నాడో, వీసా వచ్చింది. స్వెట్టరు కొనడానికి రాజమండ్రికి నన్నే తోడు తీసుకెళ్లింది. ఆవిడకు ఏ రంగు నప్పదో ఆ రంగే బాగుందన్నాను. ఆవిడ వేరేది కొనుక్కుంది.

అక్కడికి వెళ్లిన వారంలో ఆవిడ అటువైపు నుంచి కాల్‌లోకి వచ్చింది. ఎవరిదో ఎర్రకోటు వేసుకుని, ఆ పిల్లలకు పూతరేకు తినడం నేర్పుతోంది. పొడంతా కోటు మీద రాలుతోంది. మా పిల్లలు "మేడం, మేడం" అంటూ తెర మీదికి ఎగబడ్డారు. ఆ టీచరమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ, నాకు మాత్రం ఒక హలో చెప్పి ఊరుకుంది. నేను ఈ పక్కన కేబుల్ ఊడిపోకుండా పట్టుకుని నిలబడ్డాను. ఆ చెయ్యి ఉండాల్సింది నా భుజం మీద.

తిరిగొచ్చాక, స్టాఫ్‌రూములో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆవిడ సంచిలోంచి ఒక ఉన్ని శాలువా తీసింది.

"మీకోసమేనండి."

"ఎందుకండీ ఇవన్నీ, వద్దు."

"అలా అనకండి మేడం, తీసుకోవాలి."

"నాకెందుకండీ, మీరే ఉంచుకోండి."

"నా మీద ఒట్టేనండి" అంటూ తెచ్చి ఒళ్లో పెట్టేసింది.

అప్పుడిక ఆగలేకపోయాను. "శాలువాకి ఇంత బలవంతపెట్టారు. ఆ రోజు పక్కనే ఉన్నారు కదండీ. ఆవిడంటే పరాయి దేశం మనిషి, తెలీదు. మీది మన రామచంద్రపురమే. పైకి వద్దన్నా నాకు వెళ్లాలనుందని మీకు తెలీదా? వెళ్లండి మేడం అని ఒక్క మాటంటే ఏం పోయేదండీ?"

తెలీదని బుకాయిస్తుందనుకున్నాను. బుకాయిస్తే పోట్లాడడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, నా ముఖంలోకి చూసింది.

"ఆ మాటంటే మీరు వెళ్లిపోయేవారు కదండీ. నాకూ వెళ్లాలనిపించింది."