మా స్వరూప, అలర్జీ గోళీ, నా కాలు

నిన్న పొద్దున తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది.
మా స్వరూప ఇక లేదని.

ల్యాబ్‌కు పోతూ బస్‌స్టాప్‌లో కూలబడిందట. గుండె ఆగిపోయిందన్నారు. నలభై రెండేళ్లు.

నేను అన్నిటికీ భయపడేదాన్ని. ల్యాబ్‌లో ఏ రోగం అంటుకుంటుందో, రోడ్డు మీద ఏ బండి తగులుతుందో అని.
దాని గుండె గురించి ఒక్కనాడూ భయపడలేదు.

స్వరూప మా చెల్లెలి బిడ్డ. నెక్కొండ నుంచి చదువుకోవడానికి వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది.

మాది మగ్గాల ఇల్లు. నూలు దుమ్ముకు అందరికీ తుమ్ములే. అలర్జీ గోళీల డబ్బా ఎప్పుడూ గూట్లో ఉంటుంది. స్వరూప రీసెర్చ్ కూడా ఆ గోళీ మీదే. పుండ్లలో చీము పట్టించే బ్యాక్టీరియా దాంతో ఏమన్నా తగ్గుతుందా అని.

ఇంటికి రాగానే చేతులు కడుక్కోమని వెంటపడేదాన్ని.
"కడిగిన పెద్దమ్మా, ఇంకా కడిగితే తోలూడుతది" అని నవ్వేది.

మూడు వారాల కింద తలుపు రేకు తగిలి నా కాలు కోసుకుంది. నాకు షుగర్. దవాఖానలో యాంటీబయాటిక్ రాశారు. మింగితే కడుపులో మంట.
మన పిల్ల గోళీ ఇంట్లో ఉండగా ఇదెందుకు అనుకున్నాను. దవాఖాన మందు మానేసి డబ్బాలోది మింగాను. ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజుకు మోకాలి దాకా వాచింది.

సంగతి తెలిసి స్వరూప మొదటిసారి నా మీద అరిచింది.
"నా గోళీ ఇంకా ల్యాబ్‌ల గాజు పళ్లెంలనే ఉన్నది పెద్దమ్మా! మనిషి దాకా రాలె. వస్తదో రాదో నాకే తెల్వది. నీ కాలు పోతే నేనేం జెయ్యాలె?"

అరుస్తూనే ఏడ్చింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. ఐదు రోజులు మంచం పక్కనే కూర్చుంది.
కాలు దక్కింది.

అప్పటినుంచి రోజూ పొద్దున, నేను దవాఖాన గోళీ మింగాక నోరు తెరిపించి చూసిగాని ల్యాబ్‌కు పోయేది కాదు.
"పుండు మానిందని మధ్యల ఆపినవనుకో, నీతోని మాట్లాడ" అనేది.

నిన్న కూడా చూసింది.
"ఇంకొక్కటే పెద్దమ్మా. రేపటితోని అయిపోతది. ఫికర్ జెయ్యకు."

ఆ రేపు ఇవాళే.

బిడ్డా, తిన్నాకనే మింగాలన్నావు కదా.
ముద్ద దిగకపోయినా రెండు ముద్దలు తిన్నాను. ఆఖరిది మింగాను.
నోరు తెరిచి చూపిద్దామంటే నువ్వు లేవు.

ఇక నా ఫికర్ నీకు వద్దు తల్లీ.
జర నిమ్మళంగా పండుకో.